పోయిన ఉంగరం వెతకడానికి సింప్లెక్స్ ప్లస్: కృష్ణా రేవుల్లో, రేగడి చేలల్లో ఎంతవరకు పనికొస్తుంది

చన్నీళ్లలో కాసేపు నానితే వేలు సన్నబడుతుంది. దానికి సబ్బు నురగో, తలంటు నూనో తోడైతే ఉంగరం జారిన సంగతి గట్టెక్కాక గానీ తెలియదు. మన దగ్గర ఉంగరాలు పోయే చోట్లు చెప్పమంటే ఎవరైనా ఇవే చెబుతారు: విజయవాడలో కృష్ణా ఘాట్లు, గుంటూరు చుట్టుపక్కల నాట్ల మళ్లు, మిరప కల్లాలు, కాస్త దూరం పోతే సూర్యలంక ఇసుక. ఈ చోట్లలో ఉంగరం వెతకడానికి నోక్టా సింప్లెక్స్ ప్లస్ మెటల్ డిటెక్టరు ఏ మేరకు అక్కరకొస్తుందన్నదే ఈ సమీక్ష. తవ్విన గుంతలో వస్తువు ఎక్కడుందో చూపే చిన్న చేతి డిటెక్టరు (పిన్‌పాయింటర్) గారెట్ ప్రో-పాయింటర్ ఏటీ గురించి కూడా చెప్పక తప్పదు. అది లేకపోతే పెద్ద మిషన్ సగం పనే చేస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. చేలల్లో, మంచినీటి ఇసుకలో ఈ మిషన్‌కు వంక పెట్టలేం. ఘాట్ల కాంక్రీటు మెట్ల మీద తడబడుతుంది. ఉప్పునీటితో తడిసిన ఇసుకలో మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. ఇంకో మాట: మిషన్ ఏదైనా స్క్రీన్ మీది నంబరు చూసి "ఇది చెత్తే" అని వదిలేసేవాళ్లకు ఉంగరం దొరకదు. ఎందుకో కింద వివరంగా చెబుతాం.

సింప్లెక్స్ ప్లస్ టర్కీ కంపెనీ తయారీ. 12 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేస్తుంది. వెంట వచ్చే కాయిల్, అంటే నేల మీద తిప్పే చక్రం, 28 సెంటీమీటర్ల డీడీ రకం (లోపల డి అక్షరం ఆకారంలో రెండు తీగ చుట్లు ఉంటాయి). బరువు 1.3 కిలోలు. షాఫ్టు ముడిస్తే 63 సెంటీమీటర్లు, సాగదీస్తే 132. లోపలే ఉన్న 2300 ఎంఏహెచ్ బ్యాటరీని ఒకసారి నింపితే ఒక రోజు పనికి ఢోకా ఉండదు. స్క్రీన్ పెట్టెతో సహా మొత్తం మిషన్ 3 మీటర్ల లోతు వరకు నీళ్లలో మునగొచ్చు. మన ఊళ్లకు దీన్ని సిఫారసు చేయడానికి మొదటి కారణం ఇదే. ఇదే తరగతిలోని గారెట్ ఏస్ 400ఐకి కాయిల్ ఒక్కటే తడవొచ్చు, పెట్టెలోకి నీళ్లు పోతే అంతే సంగతులు. రేవులో నడుం లోతున నిలబడి, పాచి పట్టిన రాయి మీద కాలేసి వెతికే పనికి అలాంటి మిషన్ వద్దు. పొలానికే పరిమితమైతే అదీ మంచిదే.

సింప్లెక్స్ వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు నీళ్ల లోపల పనిచేయవు, ఆ తరంగాలు నీటిని దాటి రావు. కాయిల్ మాత్రమే నీళ్లలో ఉండి తల బయట ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. పెట్టె కూడా మునిగే చోట వైబ్రేషన్ పెట్టుకుంటే సిగ్నల్ చేతికి తెలుస్తుంది.

లోపాల్లో పెద్దది బ్యాటరీ. అయిపోతే తీసి ఇంకోటి వేసుకునే వీల్లేదు. గట్టు మీద పవర్ బ్యాంకు తగిలించి వాడుకోవచ్చు గానీ, ఆ తీగతో నీళ్లలోకి దిగకూడదు. మే నెల ఎండలో తలుపులేసిన కారులో వదిలేస్తే ఏ లిథియం బ్యాటరీకైనా ఆయుష్షు తగ్గుతుంది, స్క్రీను కూడా నల్లబడుతుంది. తడి గుడ్డ చుట్టి సీటు కింద పెట్టడం కన్నా వెంట తీసుకుపోవడమే మేలు. ఇక షాఫ్టు లాకుల్లో ఇసుక చేరితే కింది గొట్టం అటూ ఇటూ తిరుగుతుంది. పనయ్యాక లాకులు వదులు చేసి మంచినీళ్లతో కడగాలి. నూనె, గ్రీజు పెట్టొద్దు, ఇసుకను ఇంకా పట్టేస్తాయి.

ఉంగరం అసలు ఎందుకు పలుకుతుంది

కాయిల్ నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రం లోహంలో సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది. ఆ ప్రవాహాలను పసిగట్టి మిషన్ కూత పెడుతుంది. అతుకు విడిపోని గుండ్రటి ఉంగరం ఆ ప్రవాహం తిరగడానికి తయారుగా ఉన్న చుట్టు. అందుకే రెండు గ్రాముల సన్నటి ఉంగరం కూడా తన బరువుకు మించి పలుకుతుంది. ఆ చుట్టు ఎక్కడైనా తెగితే ఆట మారిపోతుంది. వెనక అతుకు ఊడినది, సైజు సర్దుకోవడానికి చివరలు కలపకుండా వదిలేసినది ఎంత బరువున్నా సిగ్నల్ బాగా పడిపోతుంది. మెట్టెలు చాలావరకు ఇలా నోరు తెరుచుకునే ఉంటాయి. వెండి కదా, గట్టిగా అరుస్తుంది అనుకుంటే పొరపాటు.

గొలుసుది ఇంకా విచిత్రం. రెండు కాసుల గొలుసు కన్నా అరకాసు ఉంగరం ముందు దొరుకుతుంది. గొలుసులో ప్రతి లింకూ విడివిడిగా చిన్న చుట్టు, మిషన్‌కు ఆ చిన్న లింకులే కనిపిస్తాయి గానీ మొత్తం బరువు కనిపించదు. సన్న గొలుసైతే కొక్కెం మీదనో, లాకెట్ మీదనో ఆశ పెట్టుకోవాలి. మంగళసూత్రం పోయిందంటే వెతకాల్సింది పుస్తెల సిగ్నల్ కోసం. అవి బిళ్లలు కాబట్టి చక్కగా పలుకుతాయి.

వెతకడం మొదలుపెట్టే ముందే పోగొట్టుకున్నవాళ్లను ఇవి అడగాలి: ఎన్ని గ్రాములు, ఏ లోహం, చుట్టు మూసినదా తెరిచినదా. ప్లాటినం విద్యుత్తును బంగారమంత బాగా పోనివ్వదు, దాని నంబరు కిందికి దిగుతుంది. శని కోసం పెట్టుకునే గుర్రపు నాడా ఉంగరం ఇనుము. ఇనుమును పక్కన పెట్టే మోడ్‌లో వెతికితే దాని మీద కాయిల్ పదిసార్లు తిప్పినా మిషన్ నోరు మెదపదు. దానికి అన్ని లోహాలనూ పలికించే ఆల్ మెటల్ మోడ్ పెట్టాల్సిందే.

నంబర్ల సంగతి

స్క్రీన్ మీద 0 నుంచి 99 వరకు నంబర్లు కనిపిస్తాయి. అడుగున ఇనుము, పైన వెండి, రాగి. బంగారం మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. సన్నటి ఉంగరం ఇనుము గీతకు కాస్త పైన, దొడ్డు ఉంగరం ఇంకా పైన. విదేశాల్లో వాడేది ఎక్కువగా 14, 18 క్యారెట్లు, మనం పెట్టుకునేది 22 క్యారెట్లు, అంటే 916. కలిపిన లోహం తగ్గేకొద్దీ బంగారం కరెంటును బాగా పోనిస్తుంది. కాబట్టి విదేశీ వీడియోల్లో చెప్పే ఉంగరం నంబర్లు మన ఉంగరాలకు సరిపోవు. అవి చూసి నంబర్లు గుర్తుపెట్టుకోవడం దండగ.

దానికన్నా నమ్మకమైన పద్ధతి ఉంది. ఇంట్లోవాళ్ల దగ్గర దాదాపు అదే బరువు, అదే పోలిక ఉంగరం ఉంటే అడిగి తీసుకుని, పోయిన చోటే నేల మీద పెట్టి కాయిల్ తిప్పండి. దారం కట్టి పెట్టండి, రెండోది కూడా పోకుండా. పడుకోబెట్టి ఒకసారి, అంచు మీద నిలబెట్టి ఒకసారి. రెండు నంబర్లూ, రెండు కూతలూ చెవికి ఎక్కించుకోండి. నిలబడిన ఉంగరం సిగ్నల్ ఎంత సన్నగిల్లుతుందో అప్పుడే అర్థమవుతుంది. వెతికేటప్పుడు ఒకే దిక్కున కాకుండా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పమనేది ఇందుకే.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ మధ్య నంబర్లలోనే మాత్రల అట్టల రేకు, చాక్లెట్ రేకు, దీపపు అల్యూమినియం గిన్నె, పాత అల్యూమినియం 5, 10, 20 పైసల బిళ్లలు కూడా పలుకుతాయి. వీటిని వినిపించకుండా చేయడానికి మిషన్‌లో నాచ్ అనే సదుపాయం ఉంది. రేకుల నంబర్లు నాచ్ చేసేస్తే ప్రాణం హాయిగా ఉంటుంది, వాటితో పాటే ఉంగరం కూడా వినిపించకుండా పోతుంది. ఉంగరం వెతికేటప్పుడు నాచ్ ముట్టుకోవద్దు. ఇనుము గొంతు మాత్రం తగ్గించుకోండి, దానికి ఐరన్ వాల్యూమ్ అనే సెట్టింగు ఉంది. ఇనుము గీత దాటిన ప్రతి సిగ్నల్‌నూ తవ్వి తీరాలి. ఇరవై రేకులు తీసి విసుగొచ్చి ఇరవై ఒకటో సిగ్నల్ వదిలేసే దగ్గరే చాలా వెతుకులాటలు చెడిపోతాయి.

చెవి మాత్రం అలవాటు చేసుకోవచ్చు. మంచి ఉంగరం మీద కాయిల్ ఎడమ నుంచి పోయినా కుడి నుంచి వచ్చినా ఒకటే కూత, గుండ్రంగా, మొదలూ చివరా తెలిసేలా వస్తుంది. నంబరు ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ కదులుతుంది, అంతే. సోడా మూత ఇనుప రేకు కాబట్టి కాయిల్ నడిమికి వచ్చినప్పుడు ఒక నంబరు, అంచుకు వచ్చినప్పుడు ఇంకో నంబరు చూపి గంతులేస్తుంది. వంగిన తుప్పు మేకు ఒక దిక్కున కిచ్‌మని పైస్థాయిలో పలికి, తొంభై డిగ్రీలు తిరిగి చూస్తే బుస్సుమంటుంది. నలిగిన రేకు చీలికలు చీలికలుగా పలుకుతుంది. చదునుగా ఉన్న మాత్రల అట్ట ముక్క ఒక్కటే ఉంగరంలా నిఖార్సుగా పలికి మోసం చేస్తుంది. దాన్ని తవ్వి చూడటం తప్ప గతి లేదు.

చేలో

దమ్ము చేసిన మడిలో చెత్త తక్కువ, అందుకే అన్నిటికన్నా ఆశ ఉన్న చోటు ఇదే. ముందుగా గ్రౌండ్ బ్యాలెన్స్ చేయాలి, అంటే నేలలోని ఖనిజాలకు మోగకుండా మిషన్‌ను ఆ నేలకు సర్దాలి. సిగ్నల్ లేని శుభ్రమైన జాగా చూసుకుని, బటన్ నొక్కిపట్టి, కాయిల్‌ను నేలకు 15, 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 3 సెంటీమీటర్ల దాకా దించుతూ ఎత్తుతూ ఉండాలి. నేల గొణుగుడు తగ్గి నంబరు కుదిరాక వదలాలి. గట్టు మీద చేసిన బ్యాలెన్స్ మడిలో పనికిరాదు. పొడి రేగడిలో చేసినది వాన పడ్డాక పనికిరాదు. నేల మారినప్పుడల్లా మళ్లీ చేయాలి. ఇది చేయకుండా మిషన్ ఊరికే అరుస్తోందని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

నైలాన్ తాడుతో మీటరు వెడల్పు పట్టీలు కట్టుకోండి. కర్రలు వెదురువి పాతండి, ఇనుప చువ్వలు వద్దు. కాయిల్‌ను నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున, చదునుగా, ఒక్కో ఊపుకు సెకను పైన పట్టేలా తిప్పండి. కొడవలి విసిరినట్టు చివర్లలో పైకి లేపకూడదు. లేపిన ఎత్తంతా లోతులో పోతుంది. ప్రతి ఊపూ ముందు ఊపులో సగం మీద పడాలి. డీడీ కాయిల్ లోతుగా చూసేది నడిమి పట్టీ వెంట మాత్రమే, అంచుల్లో కాదు. 28 సెంటీమీటర్ల కాయిల్ అని 28 సెంటీమీటర్ల చొప్పున అడుగు ముందుకేస్తే మధ్యలో వదిలేసిన జాగాలే ఎక్కువ.

లోతు గురించి మిషన్ వచ్చే అట్టపెట్టెల మీద రాసేవి పట్టించుకోకండి. అరకాసు ఉంగరానికి మామూలు నేలలో 15 సెంటీమీటర్లు నమ్మకంగా లెక్కేసుకోండి, అంతకు మించి దొరికితే అదృష్టం. గట్టి నేలలో ఈమధ్యే పోయిన ఉంగరం సాధారణంగా పైపొరలోనే ఉంటుంది. దమ్ము మడిలో మాత్రం బంగారం బరువుకు బురదలో దిగిపోయి కింది గట్టి పొర మీద ఆగుతుంది. నీళ్లు తీసి, మడి కాస్త ఆరి, కాలు దిగబడకుండా ఉన్నప్పుడు వెతకడం మంచిది. ట్రాక్టరు మళ్లీ తిరగకముందే వెతకాలి. ఒక్క సాలు దున్నితే ఉంగరం చోటు మారుతుంది, ఒక్కోసారి చుట్టు కూడా తెగుతుంది.

చేను మీదుగా కరెంటు తీగలు పోతుంటే మిషన్ ఊరికే చిటపటలాడుతుంది. ముందు మిషన్ ఫ్రీక్వెన్సీని కాస్త జరిపే ఫ్రీక్వెన్సీ షిఫ్ట్ మార్చి చూడండి. తగ్గకపోతే సెన్సిటివిటీ, అంటే సన్న సిగ్నల్‌ను కూడా పట్టే స్థాయి, రెండు గడులు దించండి. జేబులో ఫోను, మిషన్ పట్టిన చేతికి వాచీ, చెప్పులకు ఇనుప బకిల్ ఉంటే ముందు అవి తీయండి. తవ్వే మనిషి చేతికి గాజులుంటే మట్టి చూసే ప్రతిసారీ పిన్‌పాయింటర్ మోగుతుంది.

మిరప కల్లంలో పద్ధతి వేరు. రాశి మీద తిప్పితే లాభం లేదు, లోతు చాలదు. కాయను జానెడు మందాన పరిచి తిప్పాలి. కింద పరిచిన పట్టాకు అంచుల్లో తాడు దూర్చే ఇత్తడివో అల్యూమినియంవో కళ్లు (రింగులు) ఉంటాయి, అవి అచ్చం ఉంగరాల్లాగే పలుకుతాయి. వాటి చోటు ముందే గుర్తుపెట్టుకోండి, లేదా అంచులు బయటికి లాగేయండి. కాయ అప్పటికే టిక్కీలకు (బస్తాలకు) ఎత్తేస్తే ఒక్కో టిక్కీని కాటాకు, ట్రాక్టరు ట్రక్కుకు దూరంగా వట్టి నేల మీద పడుకోబెట్టి, ఒక వైపు తిప్పి, బోర్లించి రెండో వైపూ తిప్పాలి. పక్కలు కూడా చూడాలి. మూతికి తడిగుడ్డ కట్టుకోకుండా ఈ పనికి పూనుకోవద్దు, ఘాటుకు పది నిమిషాలు నిలబడలేరు.

ఘాట్లో

ఇక్కడ మిషన్‌కు పరీక్ష. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా జరిగిన కృష్ణా పుష్కరాలకు ఘాట్లను కాంక్రీటుతో విస్తరించారు. కాంక్రీటులో ఇనుప చువ్వలుంటాయి. వాటి మీద కాయిల్ పెడితే ఎడతెగని ఇనుము మోత, మధ్యలో ఉంగరం ఉన్నా దాని గొంతు మునిగిపోతుంది. సెన్సిటివిటీ తగ్గించి, కాయిల్‌ను జానెడు ఎత్తున తిప్పితే చువ్వల మోత సర్దుకుంటుంది గానీ ఉంగరం కూడా దూరమవుతుంది. విడిగా దొరికే చిన్న కాయిల్ కొంత మెరుగు. నిజానికి మెట్ల మీద పడిన ఉంగరం మట్టిలోకి దిగదు, మెట్టు మూలల్లో, పలకల సందుల్లో, పాచిలో ఇరుక్కుంటుంది. అక్కడ పిన్‌పాయింటర్‌తో మెట్టు మూల వెంట అంగుళం అంగుళం తడమడమే మార్గం.

ఆఖరి మెట్టు దిగాక ఇసుక, ఒండ్రు మొదలవుతాయి. 22 క్యారెట్ల బంగారం నీటికన్నా 17 రెట్లకు పైగా బరువు, ఇసుక రెండున్నర రెట్లు చిల్లర. కాబట్టి ప్రవాహానికి ఉంగరం కొట్టుకుపోయిందన్న మాట తొందరపడి నమ్మొద్దు. ఇసుక కదిలిపోతుంది, ఉంగరం అక్కడే కిందికి దిగుతుంది. స్నానం చేసిన చోటి నుంచి మొదలుపెట్టి దిగువకు నాలుగైదు మీటర్లు ముందు పూర్తి చేయండి.

అక్కడ అడ్డొచ్చేది చిల్లర. బ్యారేజీ మీంచి, రైలు వంతెన మీంచి, ఘాట్ల నుంచి జనం కృష్ణమ్మకు వేసిన నాణేలు తరాల తరబడి అడుగున పేరుకున్నాయి. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు స్టెయిన్‌లెస్ స్టీలు, అయస్కాంతానికి అంటుకుంటాయి. రేవుల్లో పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి చిల్లర ఏరేది దీన్ని ఆసరా చేసుకునే. ఆ పనే ముందు మనమూ చేయాలి. పాత స్పీకరు అయస్కాంతాన్ని తాడుకు కట్టి వెతికే జాగా అంతా రెండు సార్లు ఈడిస్తే స్టీలు బిళ్లలు, మేకులు, మూతలు వచ్చేస్తాయి. బంగారాన్ని అయస్కాంతం కదిలించదు. ఆ తర్వాత కాయిల్ దించితే సిగ్నళ్లు బాగా తగ్గుతాయి. మిగిలేవి అల్యూమినియం పైసలు, పది రూపాయల బిళ్లలు, దీపపు గిన్నెలు, అవి తీయాల్సిందే.

ప్రకాశం బ్యారేజీ ఎగువన నీళ్లు దాదాపు ఏడాదంతా నిలిచి ఉంటాయి, లోతు మెట్టు మెట్టుకూ పెరుగుతుంది. గేట్లు ఎత్తిన రోజుల్లో దిగువ ఇసుకలోకి అసలు దిగొద్దు. ఛాతీ లోతు దాటితే మిషన్ పక్కన పెట్టి గజ ఈతగాళ్ల సాయం తీసుకోవాలి. మిషన్ 3 మీటర్లు మునుగుతుందన్నది మిషన్‌కు ఇచ్చిన హామీ, మనిషికి కాదు.

సూర్యలంక గురించి రెండు ముక్కలు. పొడి ఇసుకలో సింప్లెక్స్ బాగానే పనిచేస్తుంది. అల తడిపిన ఇసుకలో ఉప్పునీరే లోహంలా పలుకుతుంది, మన తీరంలో నల్ల ఇసుక ఖనిజాలు దానికి తోడు. బీచ్ మోడ్ పెట్టి సెన్సిటివిటీ దించితే అరుపులు తగ్గుతాయి, దాంతో పాటే సన్న ఉంగరం పలుకూ తగ్గుతుంది. సముద్రమే ముఖ్యమనుకునేవాళ్లు మైన్‌ల్యాబ్ వ్యాంక్విష్ గానీ, ఈక్వినాక్స్ గానీ, నోక్టా లెజెండ్ గానీ చూసుకోవాలి. ఇవి ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడి ఉప్పు మోతను చాలావరకు తగ్గిస్తాయి. అయితే వ్యాంక్విష్‌కు కాయిల్ వరకే నీటి రక్షణ.

పిన్‌పాయింటర్, తవ్వే సామాను

డీడీ కాయిల్‌తో చోటు గుర్తించడానికి తేలిక కిటుకు ఉంది. సిగ్నల్ మీద కాయిల్‌ను చిన్నగా అటూ ఇటూ ఆడిస్తూ మీ వైపుకు లాక్కోండి. కూత ఆగిన క్షణాన వస్తువు కాయిల్ ముందు అంచుకు ఆనుకుని ఉంటుంది. అక్కడ తాపీతో మూడు వైపులా కోసి మట్టి పెళ్లను మూతలా తెరవండి. గడ్డిపారతో ఒకేసారి పొడవొద్దు, ఉంగరం వంకరపోతుంది, రాయి ఊడుతుంది. తవ్విన మట్టి ప్లాస్టిక్ తట్టలో వేయండి. ఇనుప బొచ్చెలో వేస్తే అది మోగుతూనే ఉంటుంది.

ఇక్కడ ప్రో-పాయింటర్ ఏటీ విలువ తెలుస్తుంది. ఇది 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది, 6 మీటర్ల వరకు మునుగుతుంది, రంగు నారింజ కాబట్టి బురదలో పడేసినా కనిపిస్తుంది. కొన మీదే కాదు, కొన చుట్టూ కూడా పసిగడుతుంది. గుంత గోడ వెంట తిప్పుతుంటే టిక్, టిక్‌మని మొదలై, దగ్గరయ్యేకొద్దీ దడదడా కలిసిపోయి ఒకటే మోతవుతుంది. తడి రేగడి మీద ఊరికే మోగుతుంటే, కొనను మట్టికి ఆనించి బటన్ ఒక్కసారి తట్టండి, ఆ మట్టికి సర్దుకుంటుంది. ఉంగరానికి ఆనించి తట్టొద్దు, దాన్నే మర్చిపోతుంది. దీని తోక దగ్గర మూతకు రబ్బరు రింగు ఉంటుంది, బ్యాటరీ మార్చినప్పుడు ఇసుక రేణువు దాని మీద మిగిలితే నీళ్లు లోపలికి పోతాయి.

నీళ్లలో తవ్వడానికి చిల్లుల గరిట కావాలి. బయటి నుంచి తెప్పించాల్సిన పని లేదు. విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసేవాళ్లకు కొలతలిస్తే చేసిపెడతారు: ఒకటిన్నర మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రేకు, 10 మిల్లీమీటర్ల చిల్లులు, ఛాతీ ఎత్తు పిడి, కాలితో తొక్కడానికి వెనక చిన్న మెట్టు. చిల్లులు ఇంతకన్నా పెద్దవైతే చంటిపిల్లల ఉంగరాలు జారిపోతాయి, మరీ చిన్నవైతే ఒండ్రు అడ్డుపడి బరువెక్కుతుంది. చెవి దిద్దులు వెతికేటప్పుడు మాత్రం గరిటలో ప్లాస్టిక్ జల్లెడ వేసుకోవాలి.

కొనేటప్పుడు

2023లో ఇదే వరసలో లైట్, బీటీ, అల్ట్రా అనే మోడళ్లు వచ్చాయి. వాడిన ప్లస్ కొంటుంటే కాయిల్‌ను మరతో బిగించే చెవుల్లో సన్న పగులు ఉందేమో, తీగ కాయిల్‌లోకి దిగే చోట నలిగిందేమో, ఛార్జింగు పిన్నులు పచ్చబడ్డాయేమో చూడండి. మిషన్ ఆన్ చేసి కాయిల్ తీగను చేత్తో కదిలించండి, కూత వచ్చిందంటే వదిలేయండి. మిషన్ తెప్పించి అమ్మేవాళ్ల దగ్గర జీఎస్టీ బిల్లు, వారంటీ కాగితం రెండూ అడగండి. కాగితం లేకపోతే కాయిల్ పోయిన రోజున దిక్కుండదు.

యాంటెన్నా కడ్డీలతో "వంద మీటర్ల నుంచి బంగారం చూపిస్తుంది" అని లక్షలకు అమ్మేవి మోసం. పైన చెప్పిన భౌతికశాస్త్రం ప్రకారం ఉంగరాన్ని వంద మీటర్ల నుంచి పట్టే మార్గం లేదు. ఆలయాల గేట్ల దగ్గర ఒంటిని తడిమే చేతి డిటెక్టర్లకు గ్రౌండ్ బ్యాలెన్స్ ఉండదు, మట్టి మీద అవి పనికిరావు.

పోయిన ఉంగరం ఎవరిదో వాళ్ల అనుమతితో, ఆ నేల యజమాని అనుమతితో వెతకాలి. ఉండవల్లి గుహల దగ్గర, అమరావతి స్తూపం దగ్గర మిషన్ బయటికే తీయొద్దు, అవి రక్షిత కట్టడాలు. నేలలో దాగిన పాత వస్తువేదైనా విలువ 10 రూపాయలు మించితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

ఉంగరం దొరికాక ఇసుకను గుడ్డతో రుద్దకుండా మగ్గు నీళ్లలో ఆడించి కడగండి, రాళ్ల గూడుల్లో రేణువులుంటాయి. 2021 జూలై తర్వాత హాల్‌మార్కు వేసినదైతే లోపలి వైపు అక్షరాలు, అంకెలు కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటుంది. భూతద్దంతో చదివి, యజమాని బిల్లుతో సరిచూసుకోండి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ వివరాలు వస్తాయి, యజమాని పేరు రాదు, కాబట్టి బిల్లే ఆధారం. రేవులో ఒక్కోసారి ఒకరి ఉంగరం కోసం వెతుకుతుంటే ఇంకొకరిది చేతికొస్తుంది, అందుకే ఇంత జాగ్రత్త.

కాలువలో పోయినవాళ్లు నిరాశపడొద్దు. వేసవిలో బందరు, ఏలూరు, రైవస్ కాలువలకు నీళ్లు కట్టేస్తారు, అడుగు బయటపడుతుంది. ఉంగరం జారిన చోటును గట్టు మీది చెట్టుకో, మెట్టుకో, కరెంటు స్తంభానికో కొలత పెట్టి ఆ రోజే రాసిపెట్టుకుని, పూడిక తీసే యంత్రాలు కాలువలోకి దిగకముందే అక్కడ కాయిల్ తిప్పాలి.